నేలకు చట్టం ఉంది, పేరుకు కాపలా ఏది? అరకు కాఫీ, భౌగోళిక సూచిక, ట్రేడ్‌మార్క్ వివాదాల పాఠాలు

తూర్పు కనుమల షెడ్యూల్డు ప్రాంతాలలోని భూమి గిరిజనేతరుల చేతులలోకి పోరాదని 1959 నాటి భూబదలాయింపు నిబంధన నిర్దేశించింది. 1970 నాటి 1వ నిబంధన దానిని మరింత బిగించింది. జనవ్యవహారంలో '1/70 చట్టం'గా స్థిరపడిన ఈ ఏర్పాటుకు, అనంతగిరి మండలంలోని గనుల లీజులపై వచ్చిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అదనపు బలాన్ని చేకూర్చింది. అమలులో ఎన్ని లోపాలున్నా, అనంతగిరి మొదలు గూడెం కొత్తవీధి వరకు కొండవాలులోని కాఫీ తోట నేటికీ గిరిజన కుటుంబం చేతిలోనే ఉండటానికి ఈ చట్టం ఒక ప్రధాన కారణం.

అయితే గడచిన రెండు దశాబ్దాలలో ఈ కొండలలో భూమితోపాటు మరొక ఆస్తి పుట్టి పెరిగింది. దానికి సర్వే నంబరు లేదు, పట్టాదారు పాసుపుస్తకం లేదు, సరిహద్దు రాయి లేదు. అది 'అరకు' అన్న పేరు. 2017లో ప్యారిస్ నగరంలో ఆ పేరుతో కాఫీ దుకాణం వెలసింది. 2018లో అక్కడే జరిగిన ప్రి ఎపిక్యూర్ పోటీలో ఈ కాఫీ స్వర్ణపతకం పొందింది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా కాఫీ'కి భౌగోళిక సూచిక లభించింది. 2023లో జీ-20 సదస్సుకు వచ్చిన అతిథులకు ఇచ్చిన కానుకలలో ఇది చోటు చేసుకుంది. 2025లో పార్లమెంటు ప్రాంగణంలో దీని స్టాళ్లు తెరుచుకున్నాయి. రైతు కళ్లంలో ఆరే గింజకూ నగరంలోని కప్పుకూ మధ్య పెరిగే విలువలో ఇప్పుడు గణనీయమైన భాగం ఈ పేరుదే. ఆ విలువ ఎవరిది, దానిని ఎవరు కాపాడాలి అన్నవి ఇకమీదట వ్యవసాయ విస్తరణ రంగం పక్కన పెట్టగల ప్రశ్నలు కావు.

ద్రాక్షతోటల పేర్లు చెప్పే పాఠం

నేల పేరు ఆస్తిగా మారినప్పుడు ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి కాలిఫోర్నియాలోని నాపా లోయ చరిత్ర ఉపకరిస్తుంది. కాబర్నే సావిన్యాన్ ద్రాక్షతో చేసే ఖరీదైన వైన్‌లకు ఆ లోయ ప్రసిద్ధి. అక్కడ 1868లో హామిల్టన్ క్రాబ్ కొన్న భూమిలో పెంచిన తోటకు 'టు కలోన్' అన్న గ్రీకు పేరు పెట్టాడు. కాలక్రమంలో ఆ భూమి చాలామంది చేతులలోకి విడిపోయింది. 1980లలో రాబర్ట్ మొండావి సంస్థ ఆ పేరును తన ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకుంది. పాత తోటలోని ఒక భాగాన్ని 1993లో కొన్న ఆండీ బెక్‌స్టాఫర్ తన ద్రాక్షను అమ్మగా, కొనుగోలుదారు సీసాపై ఆ తోట పేరు వేసినందుకు 2002లో వ్యాజ్యం మొదలైంది. నిజంగా ఆ నేలలోనే పండిన ద్రాక్షకు ఆ నేల పేరు చెప్పుకొనే హక్కు కోసం పండించినవాడు పోరాడవలసి వచ్చింది. ఆ వివాదం రాజీతో ముగిసింది. అదే పేరుపై మరొక భూయజమాని వేసిన కేసులో 2021లో ఫెడరల్ కోర్టు ట్రేడ్‌మార్క్ హక్కుదారు పక్షాన తీర్పు చెప్పింది. ఒక నేల పేరు ఒక సంస్థ పేరుగా నమోదైన తరువాత, ఆ నేలను దున్నేవాడు సైతం అనుమతి అడగవలసిన స్థితి వస్తుందని ఈ ఉదంతం తెలుపుతున్నది.

రెండవ ఉదంతం దీనికి భిన్నమైనది. బ్రాంకో అనే సంస్థ 'నాపా' మాట ఉన్న పాత బ్రాండ్లను కొని, వాటి కింద వేరే ప్రాంతాల ద్రాక్షతో చేసిన చౌక వైన్‌ను అమ్మసాగింది. 1986కు ముందే వాడుకలో ఉన్న బ్రాండ్లకు అమెరికా కేంద్ర నిబంధనలు ఇచ్చిన మినహాయింపే దానికి ఆసరా. సాగుదారుల ఒత్తిడితో కాలిఫోర్నియా 2000లో ఒక చట్టం చేసింది. పేరులో నాపా ఉంటే కనీసం 75 శాతం ద్రాక్ష నాపాదే కావాలన్నది దాని సారాంశం. 2004లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. అంటే టు కలోన్ విషయంలో ఊరివారికే పేరు దూరమైంది, బ్రాంకో విషయంలో పొరుగు సరుకుకు ఊరి పేరు అంటుకుంది. అరకు విషయంలో ఈ రెండు ప్రమాదాలనూ వేర్వేరుగా చూడటం అవసరం. నాపా సాగుదారులు తమ పేరును సొంత దేశంలోనే కాక, చెన్నైలోని భారత భౌగోళిక సూచికల రిజిస్ట్రీలోనూ నమోదు చేయించుకున్నారన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

మన చట్టం ఇచ్చేది, ఇవ్వనిది

భౌగోళిక సూచికకూ ట్రేడ్‌మార్క్‌కూ ఉన్న భేదాన్ని విస్తరణ కార్యకర్తలు చాలామంది ఇప్పటికీ ఒకటిగానే భావిస్తున్నారు. ట్రేడ్‌మార్క్ ఒక వ్యక్తి లేదా సంస్థ సొత్తు. దానిని అమ్మవచ్చు, లైసెన్సుకు ఇవ్వవచ్చు. భౌగోళిక సూచిక ఒక ప్రాంతపు ఉత్పత్తిదారులందరి ఉమ్మడి హక్కు. 1999లో వెలువడి 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చిన భౌగోళిక సూచికల చట్టంలోని 24వ సెక్షను, నమోదైన సూచికపై హక్కును అమ్మరాదని, లైసెన్సుకు ఇవ్వరాదని, తాకట్టు పెట్టరాదని చెబుతుంది. 1/70 నిబంధన భూమికి కల్పించిన రక్షణను ఈ సెక్షను పేరుకు కల్పిస్తున్నదని చెప్పవచ్చు. గిరిజన ప్రాంతపు ఉత్పత్తికి ఇంతకంటె తగిన చట్టరూపం దొరకదు.

కాని ఈ రక్షణకు మూడు పరిమితులు ఉన్నాయి. మొదటిది పాత వాడుకకు సంబంధించినది. సూచిక కోసం దరఖాస్తు చేయకముందే సదుద్దేశంతో వాడుకలో ఉన్న లేదా నమోదైన ట్రేడ్‌మార్కులను 26వ సెక్షను కాపాడుతుంది. రెండవది కాలపరిమితి. సూచికను ఉల్లంఘించే ట్రేడ్‌మార్క్ వాడుక తెలిసిన తరువాత ఐదేళ్లలో చర్య తీసుకోకపోతే, ఆ వాడుకలో దురుద్దేశం ఉంటే తప్ప, అభ్యంతరం చెప్పే అవకాశం చేజారుతుంది. మూడవది, విస్తరణ శాస్త్రవేత్తలు ముఖ్యంగా గమనించవలసినది, 'ఉత్పత్తిదారు' అన్న మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనం. వ్యవసాయ సరుకుల విషయంలో పండించేవారితోపాటు వాటిని శుద్ధి చేసేవారు, ప్యాకింగ్ చేసేవారు, వాటి వ్యాపారం చేసేవారు కూడా ఈ నిర్వచనం పరిధిలోకి వస్తారు. అధీకృత వినియోగదారుగా నమోదయ్యే అర్హత గింజలు ఎండబెట్టే కొండదొర కుటుంబానికి ఎంత ఉందో, నగరంలో వేయించి పొట్లం కట్టే వ్యాపారికీ అంతే ఉంది. వ్యాపారి నమోదై రైతు నమోదు కాకపోతే, ఉమ్మడి హక్కు కాగితంపై ఉమ్మడిగానే ఉంటుంది, అనుభవంలో మాత్రం ఒకవైపే చేరుతుంది. చట్టం భూమి విషయంలో గిరిజనుడు ఎవరో అడుగుతుంది, పేరు విషయంలో ఆ ప్రశ్న వేయదు.

అరకు సూచికకు దరఖాస్తు చేసినది కాఫీ బోర్డు. ఇది దోషం కాదు. గుంటూరు సన్నం మిర్చికి సుగంధ ద్రవ్యాల బోర్డు, డార్జిలింగ్ తేయాకుకు టీ బోర్డు అదే పని చేశాయి. ఒకటి రెండు ఎకరాల తోట ఉన్న రైతు తనంతట తాను చట్టపు ఖర్చు భరించలేడు. కాని నమోదు బోర్డుది, వాడుక వ్యాపారిది, శ్రమ మాత్రమే రైతుది అన్న అమరిక స్థిరపడకుండా చూడటం అవసరం.

ఆలస్యపు మూల్యం

మన న్యాయస్థానాలలో నడిచిన రెండు కేసులు ఈ సందర్భంలో ప్రస్తావించదగినవి. ఖోడే డిస్టిలరీస్ 1968 నుంచి 'పీటర్ స్కాట్' పేరుతో విస్కీ అమ్ముతున్నది. ఆ పేరుపై స్కాచ్ విస్కీ సంఘానికి 1974లోనే సమాచారం ఉన్నా 1986 వరకు చర్య తీసుకోలేదు. 2008లో సుప్రీంకోర్టు ఈ జాప్యాన్ని పరిగణించి ఖోడే సంస్థకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. స్కాట్లండు వంటి సంపన్న పరిశ్రమకే జాప్యం ఇంత నష్టం కలిగిస్తే, కొండ రైతుల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రెండవది కోల్‌కతాలోని ఐటీసీ సోనార్ హోటల్‌లో 'డార్జిలింగ్ లౌంజ్' అన్న పేరుపై టీ బోర్డు వేసిన దావా. 2011లో మధ్యంతర ఉత్తర్వులకు నిరాకరించిన కలకత్తా హైకోర్టు 2019లో దావాను కొట్టివేసింది. భౌగోళిక సూచిక సరుకుకు సంబంధించినదని, హోటల్ గది సేవ అని, కాలపరిమితి కూడా దాటిందని న్యాయస్థానం అభిప్రాయపడింది. అరకుకు ఈ తీర్పు నేరుగా వర్తించే ప్రమాదం ఉంది. పర్యాటకం పెరుగుతున్న లోయలోనూ, దూర నగరాలలోనూ 'అరకు' పేరుతో కాఫీ హోటళ్లు, విడిది గృహాలు, తినుబండారాల దుకాణాలు వెలుస్తాయి. అక్కడ పోసే కాఫీ ఏ కొండదో సూచిక ఒక్కటే నిర్ధారించలేదు. సేవల విభాగంలోనూ పేరును కాపాడాలంటే ట్రేడ్‌మార్క్ చట్టం కింద సామూహిక చిహ్నం గాని, ధ్రువీకరణ చిహ్నం గాని తోడు కావాలి.

ఇథియోపియా అనుభవం ఈ మార్గానికి ఒక ఉదాహరణ. సిదామో, హరార్, యిర్గచెఫె అన్న తన కాఫీ ప్రాంతాల పేర్లకు ఆ దేశం 2005లో అమెరికాలో ట్రేడ్‌మార్క్ దరఖాస్తులు చేసింది. అప్పటికే స్టార్‌బక్స్ సంస్థ సిదామో మాట ఉన్న ఒక పేరుకు దరఖాస్తు చేసి ఉండటం, అమెరికా కాఫీ వ్యాపార సంఘం అభ్యంతరం చెప్పడం పెద్ద వివాదానికి దారి తీశాయి. 2007లో స్టార్‌బక్స్, ఇథియోపియా మధ్య ఒప్పందం కుదిరింది. పేరుపై దేశపు యాజమాన్యం గుర్తింపు పొందింది. లక్షలాది చిన్న కమతాలను తనిఖీ చేసే ఖర్చు తాను భరించలేనని తెలిసి ఇథియోపియా ధ్రువీకరణ మార్గానికి బదులు ట్రేడ్‌మార్క్‌ను ఎంచుకుంది. చట్టరూపాన్ని పుస్తకం చూసి కాక రైతు స్థితిని చూసి ఎంచుకోవాలన్నది దీని నుంచి గ్రహించవలసిన విషయం.

ప్రతివాదంలోని బలం

ఈ వాదనకు ఎదురుగా వినిపించే మాటలో న్యాయం లేకపోలేదు. 1898లో పాములేరు లోయలో మొదటిసారి నాటిన నాటి నుంచి కాఫీ ఈ కనుమలలో ఉన్నది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, అటవీ శాఖ, కాఫీ బోర్డు, పాడేరు ఐటీడీఏ దశాబ్దాలుగా సాగును విస్తరింపజేశాయి. అయినా పేరుకు అంతర్జాతీయ విలువ వచ్చినది నాణ్యతపై, ప్రచారంపై పెట్టుబడి పెట్టిన తరువాతనే. పండు ఎర్రబడిన తరువాతనే కోయడం, అదే రోజు పల్పింగ్ చేయడం, తోటవారీగా రుచి పరీక్ష జరపడం వంటి పద్ధతులకు బ్రాండ్లు చెల్లించిన అధిక ధర ప్రేరణ అయింది. రైతుల సహకార సంఘాలతో కలిసి పనిచేస్తూ ఆ పేరును పెంచిన సంస్థలను పరాయివారిగా చూడటం అన్యాయం. బ్రాండు లేని భౌగోళిక సూచిక గోడకు వేలాడే ధ్రువపత్రంగా మిగిలిపోయిన ఉదాహరణలు దేశంలో చాలా ఉన్నాయి.

కాబట్టి వివాదం బ్రాండ్లు ఉండాలా వద్దా అన్నది కాదు. 'అరకు' అన్న మాటకు ముందో వెనుకో తమ సొంత గుర్తును చేర్చుకొని ఎన్ని బ్రాండ్లయినా ఉండవచ్చు, ఉండాలి కూడా. గిరిజన సహకార సంస్థ పొట్లం, సహకార సంఘపు పొట్లం, ప్రైవేటు సంస్థ పొట్లం మూడూ పోటీపడితే రైతుకు మేలే. ఆ మాట ఒక్కటే ఎవరికీ ఏకస్వామ్యం కారాదన్నదే అసలు విషయం. ప్రాంతాన్ని సూచించే మాటలకు ట్రేడ్‌మార్క్ చట్టంలోని 9వ సెక్షను సాధారణంగా నమోదు నిరాకరిస్తుంది. అయితే వాడుక ద్వారా విశిష్టత పొందినట్లు రుజువైతే మినహాయింపు ఉంది. పేరు ప్రసిద్ధి పెరిగేకొద్దీ ఈ మినహాయింపును కోరేవారూ పెరుగుతారు.

పొట్లంలో ఉన్నది ఎంత?

ప్రతి కాఫీ వ్యాపారి సమాధానం చెప్పవలసిన మరొక ప్రశ్న మిశ్రమానికి సంబంధించినది. సూచిక అరబికాకు మాత్రమే వర్తిస్తుంది. తెలుగు ఇళ్లలో వాడే ఫిల్టర్ పొడిలో చికోరీ కలపడం మామూలు. ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకుంటే చాలు. ఆ 51 శాతంలో అరకు గింజ ఎంత, పొరుగు రాష్ట్రపు రోబస్టా ఎంత అన్నది పొట్లంపై కనిపించకపోతే కొనుగోలుదారు మోసపోతాడు. అతనికంటె ముందే రైతు నష్టపోతాడు.

హవాయి దీవులలోని కోనా రైతులు ఈ నష్టాన్ని దశాబ్దాల తరబడి అనుభవించారు. అక్కడి చట్టం 10 శాతం కోనా గింజ ఉన్నా మిశ్రమాన్ని ఆ పేరుతో అమ్మనిచ్చింది. ఇతర రాష్ట్రాలలో అంత మాత్రమూ లేని పొట్లాలు అదే పేరుతో చలామణి అయ్యాయి. 2019లో రైతులు సియాటిల్ ఫెడరల్ కోర్టులో దావా వేసినప్పుడు, గింజలోని మూలకాల నిష్పత్తులను నేల స్వభావంతో పోల్చి చూపే ప్రయోగశాల పరీక్షలు వారికి ప్రధాన ఆధారమయ్యాయి. వ్యాపార సంస్థలు కుదుర్చుకున్న రాజీల మొత్తం 4 కోట్ల డాలర్లు దాటింది. న్యాయవాది వాదనకు శాస్త్రవేత్త పరీక్ష వెన్నెముక కాగలదని ఆ కేసు చూపింది.

విస్తరణ వ్యవస్థ చేయదగినవి

ఇక్కడే వ్యవసాయ విశ్వవిద్యాలయాల పాత్ర మొదలవుతుంది. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, ఆర్.వి. నగర్‌లోని కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఈ కొండల నేలలను, నీడ చెట్లను, వర్షపాతాన్ని దశాబ్దాలుగా పరిశీలిస్తున్నాయి. ఆ జ్ఞానం ఇప్పుడు దిగుబడికే కాక పేరు రక్షణకూ ఉపయోగపడాలి.

మొదటి పని నమోదు. గిరిజన రైతులను వ్యక్తిగతంగా గాని, ఉత్పత్తిదారుల సంస్థలు, పరస్పర సహాయక సహకార సంఘాల ద్వారా గాని అధీకృత వినియోగదారులుగా నమోదు చేయించడం పంటకోత శిక్షణ వలెనే విస్తరణ కార్యక్రమంలో భాగం కావాలి. సంతరోజున సంతకు వచ్చే రైతుకు ఆ చోటనే దరఖాస్తు నింపి పెట్టగలగాలి. ఆధార్, అటవీ హక్కు పత్రం, కొనుగోలు రసీదు తప్ప వేరే కాగితం లేని రైతు దగ్గర ఏ రుజువు చాలునో ముందుగా తేల్చుకోవాలి.

రెండవది నేల, గింజల మూలక స్వరూపాల పట్టిక. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పదకొండు మండలాల నుంచి, సూచిక పరిధిలోకి వచ్చే ఒడిశా కొండల నుంచి నమూనాలు సేకరించి సూచన ప్రమాణాన్ని రూపొందించడం ఒకరిద్దరు స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలతో ప్రారంభం కాగల పని. వివాదం వచ్చిన తరువాత నమూనాలు సేకరిస్తే న్యాయస్థానంలో వాటి విలువ తగ్గుతుంది.

మూడవది కనిష్ఠ పరిమాణం. 'అరకు' పేరుతో అమ్మే పొట్లంలో అరకు అరబికా ఎంత ఉండాలో, మిశ్రమమైతే ఆ శాతాన్ని ముందు వైపునే ముద్రించాలో రైతు సంఘాలు, కాఫీ బోర్డు, వ్యాపారులు కూర్చుని నిర్ణయించుకోవాలి. నాపాకు 75 శాతం, కోనా మిశ్రమానికి 10 శాతం. ఈ రెండింటి ఫలితాలూ కళ్లెదుటనే ఉన్నాయి.

నాలుగవది నిఘా. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ప్రకటితమైన నాలుగు నెలలలోగా ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. ఆ పత్రికలో 'అరకు' మాట ఉన్న దరఖాస్తులను వారం వారం పరిశీలించడం గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలోని ఇద్దరు విద్యార్థులు చేయగల పని. ఐదేళ్ల గడువు దాటిన తరువాత న్యాయవాదికి లక్షలు చెల్లించడం కంటె ఇది తేలిక.

ఐదవది సరిహద్దు. అరకు పేరుతో పోయే గింజలో ఎక్కువ భాగం అరకు మండలంలో కాక చింతపల్లి, గూడెం కొత్తవీధి, పాడేరు, పెదబయలు వంటి మండలాలలో పండుతుంది. అవతల కోరాపుట్ రైతులు సొంత పేరుతోనూ మార్కెట్‌లోకి వస్తున్నారు. లోయ పేరు తమదీ అన్న స్పృహ ఈ మండలాల రైతులలో కలగకపోతే, ఆ పేరును కాపాడాలన్న బాధ్యతా కలగదు. రాష్ట్రాల సరిహద్దు గిరిజన కుటుంబాల బంధుత్వాలను ఎన్నడూ విడదీయలేదు. సూచిక పాలనలోనూ రెండు వైపుల రైతులకు చోటు ఉండాలి.

వీటన్నిటికీ పునాది నాణ్యతే. 2025లో ఈ ప్రాంతంలో కాఫీ కాయతొలుచు పురుగు కనిపించినప్పుడు కలిగిన ఆందోళన దిగుబడి కోసం మాత్రమే కాదు. పేరుకు మచ్చ రాకూడదన్న భయం కూడా అందులో ఉన్నది. పేరు నిలిచేది గింజ వల్లనే. గింజను కాపాడే శాస్త్రవేత్త పేరును కాపాడే పనిలోనూ భాగస్వామి కావడం అందువల్ల సహజం.

భూమి విషయంలో గిరిజన సమాజం ఒక పాఠాన్ని చాలా ఖరీదుకు నేర్చుకుంది. పత్రం ఎవరి చేతిలో ఉంటే పొలం వారి వెంట పోయింది. చట్టం వచ్చేనాటికే చాలా భూమి చేజారింది. పేరు విషయంలో చట్టం ముందుగానే వచ్చింది. రిజిస్టరులో రైతు పేరు ఇంకా చేరవలసి ఉంది. ఆ వరుసలను ఎవరు నింపుతారన్నదానిపైనే, ముందు తరంలో అరకు కాఫీ అంటే ఆ కొండల కాఫీ అని అర్థమవుతుందో, ఒక దుకాణపు కాఫీ అని అర్థమవుతుందో ఆధారపడి ఉంటుంది.